పెదనాన్న పోయించిన పెట్రోలు

పెదనాన్న పోయాడని నాకు ఫోన్ చేసింది విజయనగరం డయాలసిస్ సెంటర్‌లో నర్సు. "మీ పెద్దమ్మగారు ఇంకా మిషన్ మీదే ఉన్నారు, ఆవిడకి చెప్పలేదు, మీరొచ్చేయండి" అంది. నేను సాలూరులో మా మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఉన్నాను. ఎవరిదో మందుల చీటీ చేతిలో ఉంది. ఆ మాట ఆమె చేత మళ్లీ చెప్పించుకున్నాను. ఆస్పత్రి ఆవరణలో, కారులో, డ్రైవరు సీట్లో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయిందట. పెద్దమ్మ బయటికి రాగానే బయలుదేరాలని కారు ముఖం గేటు వైపు తిప్పి పెట్టుకునే ఉన్నాడట.

ఆయన మా నాన్నకి అన్న. సాలూరులో చాలామందిలాగే లారీ తోలాడు. ఘాట్ రోడ్డెక్కి ఒడిశా దాటి రాయపూర్ దాకా వెళ్లొచ్చేవాడు. ఆయనకీ పెద్దమ్మకీ పిల్లలు లేరు. అడిగినవాళ్లకి నన్నే చూపించి "ఇది మా గుంట" అని కన్నకూతురిలా చెప్పుకునేవాడు. ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీ ఆయనది. పాటలు పాడేటప్పుడు పెదవులు కదిపేవాడే గానీ గొంతు వినిపించేది కాదు. బండి తాళం తిప్పే ముందు మాత్రం స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఎళ్లొస్తాం" అని పైకే అనేవాడు.

పెద్దమ్మకి కిడ్నీలు చెడిపోయాక లారీ మానేసి ఒక పాత చిన్న కారు కొన్నాడు. రోజు విడిచి రోజు ఆమెని విజయనగరం తీసుకెళ్లాలి, డయాలసిస్ అయ్యాక ఇంటికి తీసుకురావాలి. బస్సు ఆమె వల్ల కాదు. అందుకని ఆ కారు దారిలో ఆగకూడదు. ఆఖరి రోజుల్లో ఆయన బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

మీలో కారున్నవాళ్లు నవ్వుకుంటారేమో. బంకులో ఏది కొట్టమంటారని అడిగితే నోటికొచ్చింది చెప్పి మళ్లీ ఫోన్ చూసుకుంటాం. ఆయన అలా కాదు. పెట్రోల్లో ఇప్పుడు చెరుకు నుంచి తీసిన స్పిరిట్ ఎక్కువగా కలుపుతున్నారనీ, అది పాత బండ్లలో రబ్బరు పైపుల్ని తినేస్తుందనీ టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకి అన్నం సయించలేదు. మామూలు పెట్రోలు మానేసి పక్క పంపులో పెద్ద నంబరు రాసి ఉన్న ఖరీదైనది కొట్టించడం మొదలుపెట్టాడు. అదీ నమ్మకం చాలక ఒకరోజు షాపుకొచ్చి, జనం తగ్గేదాకా బల్ల మీద కూర్చున్నాడు.

"అమ్మీ, మీకాడ ఒకే మందు రెండు పవర్లలో ఉంటాది కదా. రోగం ముదిరితే పెద్దది ఇస్తారు. పెట్రోలుకీ అంతేనేటి? నంబరు పెద్దదైతే బండికి బలమా?"

"రోగం లేనోడికి పెద్దది ఇస్తే ఏటవుతాది పెదనాన్నా?"

"ఏటీ అవదు. దండగ."

"ఇదీ అంతే."

ఇద్దరం వెళ్లి కారు పెట్రోలు మూత తెరిచాం. లోపల అతికించిన కాగితం సగం చెరిగిపోయింది. మందుల అట్టల మీద చీమ తలకాయలంత అక్షరాలు చదివే అలవాటు నాది, అందుకని ఫోన్ లైటు వేసి కూడబలుక్కుంటూ చదివాను. ఆ నంబరు బలం కాదని చెప్పాను. ఇంజన్లో ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు ముందుగానే అంటుకోకుండా ఎంత ఓర్చుకుంటుందో అది చెబుతుంది, ఈ కారు అడిగింది మామూలు నంబరే అన్నాను. అప్పుడు ఆయన ముఖం కాస్త తేటపడింది. కానీ కింద ఇంకో వరుస ఉంది. స్పిరిట్ పదో వంతు వరకూ కలిపిన పెట్రోలైతే పర్వాలేదని. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నదాంట్లో అంతకి రెట్టింపు కలుపుతున్నారు.

"ఆ ఖరీదుదాంట్లో కలపరు కదా?"

"దాంట్లోనూ కలుపుతారు."

"అసలు కలపంది లేదా?"

"వైజాగులో ఏదో బంకులో ఉందంట."

"వైజాగెళ్లి పెట్రోలు తెచ్చుకుని, అప్పుడు ఇజీనారం ఎళ్లాలన్నమాట." మూత మెల్లగా వేశాడు. "అయితే దీనికి సరైంది లేదు."

ఆ మాట ఆయన ఎంత దిగులుగా అన్నాడో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఏదో ఒకటి పోయించు, అన్ని పాత కార్లూ తిరగడం లేదా అని నేను గట్టిగానే అన్నాను. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపాడంటే మాట వినలేదని అర్థం.

లారీవాళ్లకి ఒక అలవాటుంది. డీజిల్ మరీ పొడిగా ఉందనిపిస్తే పంపు అరిగిపోకుండా ట్యాంకులో కాస్త ఆయిల్ కలుపుతారు. రబ్బరు ఎండిపోకుండా కారుకీ అదే వైద్యం చేశాడు పెదనాన్న. చేసి ఎవరికీ చెప్పలేదు. చేయి కూడా లారీ చేయే కదా, కాస్త ఎక్కువే పడింది. ఆ రోజు నేనూ వాళ్లతో ఉన్నాను. తిరుగు ప్రయాణంలో గజపతినగరం దాటాక వెనక నుంచి పొగ మొదలైంది. కారు దగ్గినట్టు కుదిపి కుదిపి ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. మిషన్ మీంచి దిగిన పెద్దమ్మ పిండేసిన గుడ్డలా ఉంది. పెదనాన్న బానెట్ ఎత్తాడు గానీ ఇంజను వైపు చూడలేదు.

"నానే సేసినానమ్మీ. ఆయిలు కలిపినాను. లారీకి కలిపీవోళ్లం కదా."

పెద్దమ్మ వెనక సీట్లోంచి, "నువ్వు బండికి మందెయ్యడం మానీసి, ముందు నాకు నీడ సూడు" అంది.

సాలూరు వెళ్తున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు పెదనాన్నని గుర్తుపట్టి దిగాడు. అంత ఎత్తు కేబిన్‌లోకి ఆమెని ఎక్కించలేక, రోడ్డు పక్క చింతచెట్టు కింద తన టార్పాలిన్ పరిచి పడుకోబెట్టి, ఆటో కోసం వెళ్లాడు. ఆటో వచ్చేదాకా పెదనాన్న తువ్వాలుతో ఆమెకి విసురుతూనే ఉన్నాడు. లారీలు తోలినన్నాళ్లూ ఎన్ని బండ్లు చెడిపోయి ఉంటాయో ఆయనకి! ఆ రోజు మాత్రం ఎత్తిన బానెట్ వైపు మళ్లీ వెళ్లనే లేదు.

మెకానిక్ ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గులు తుడిచి, పైపులు మార్చాడు. కొత్త పెట్రోలుకి తట్టుకునే పైపులే వేశాననీ, మామూలుదే కొట్టించుకోమనీ చెప్పాడు. సమస్య అక్కడితో అయిపోవాలి. ఆయనకి అవలేదు. అప్పటి నుంచి అద్దాలు దించుకుని, తల ఓ పక్కకి వాల్చి, ఇంజను చప్పుడు వింటూ నడిపేవాడు. పెద్దమ్మ ఏదైనా చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. "బండి ఏటడుగుతందో అది పొయ్యాలమ్మీ. మనకేటి తోస్తే అది కాదు" అని నాతో చాలాసార్లు అన్నాడు. ఆ మాట తనకి తాను చెప్పుకుంటున్నట్టే ఉండేది. మా అందరి చూపూ కారు మీద, పెద్దమ్మ మీద. ఆయన గుండె సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు.

ఆ రోజు నేను వెళ్లేసరికి ఆయన్ని లోపలికి తీసుకెళ్లి గుడ్డ కప్పేశారు. పెద్దమ్మని చక్రాల కుర్చీలో బయటికి తీసుకొచ్చారు. కారు పక్కన నన్ను చూసింది.

"బండి ఆగిపోనాదా?"

"లేదు పెద్దమ్మా. బండి బాగానే ఉన్నాది."

ఆమె నన్ను దాటి, ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు చూసింది.

సమాధుల తోటకి లారీ డ్రైవర్లు చాలామంది వచ్చారు. అదంతా అయ్యాక అసలు భయం మొదలైంది. డయాలసిస్ రోజు వచ్చింది, పెద్దమ్మ లేవలేదు. "ఇంకెందుకమ్మీ. తీసుకెళ్లీవోడే లేడు" అంది. నేను నడుపుతాను కదా అన్నాను, డ్రైవింగ్ నేర్పింది ఆయనే కదా అన్నాను. పాస్టరుగారు వచ్చి చెప్పారు, ఇరుగుపొరుగు చెప్పారు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రోజు అలాగే పోయింది. మర్నాటికి కాళ్లు వాచాయి, ఊపిరి బరువైంది. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. ఇంకో రోజు ఇలా గడిస్తే ఏమవుతుందో మందుల షాపులో ఉండేదాన్ని, నాకు తెలుసు.

ఏం చెయ్యాలో తోచక వెళ్లి కారు స్టార్ట్ చేశాను. పెట్రోలు ముల్లు నిండుగా చూపించింది. తను పోయిన రోజున, ఆమెని లోపల దింపాక పెదనాన్న బంకుకి వెళ్లి పోయించి ఉంటాడు. లోపలికొచ్చి ఆ సంగతి పెద్దమ్మతో అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"నిండానేటి?" అంది ఇటు తిరిగి.

గోడ పట్టుకుని బయటికి వచ్చింది. కారు తలుపు తీయించుకుని, వంగి, తనే చూసుకుంది.

"సరే. ఆయన పోయించింది అయ్యేదాకా వస్తాను. తరవాత నన్ను ఇసిగించకు."

అలా వస్తోంది. ఆమె మిషన్ మీద ఉన్నప్పుడు నేను ఆమెకి చెప్పకుండా దగ్గర్లో ఉన్న బంకుకి వెళ్తాను. "ఏది కొట్టమంటారు మేడమ్?" అంటారు. మామూలుదే అంటాను. నిండా కాదు, ముల్లు వెంట్రుకవాసి కిందికి దిగినట్టు కనబడేలా, చూసి చూసి పోయిస్తాను. ఎన్నాళ్లు ఇలా సాగుతుందో తెలియదు. లారీ డ్రైవరు భార్య ఆమె. ఏ బండి ఎంత తాగుతుందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు.

మొన్న తిరిగొస్తుంటే వెనక సీట్లోంచి ముందుకి వంగి, నా భుజం మీదుగా ముల్లు చూసింది.

"మంచి పెట్రోలే పోయించినాడమ్మీ మీ పెదనాన్న" అంది. "అవనే అవటం లేదు."

ఆమె వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. రామభద్రపురం దాటేదాకా నేను రోడ్డునీ ఆ ముల్లునీ మార్చి మార్చి చూస్తూ నడిపాను.