నూరూ సున్నా మాస్టారు

ఎలీషా మాస్టారు కాఫీ మానేసిన సంగతి బందరు ఈడేపల్లిలో ఆయన ఉండే వీధి వీధంతటికీ ఆ పూటే తెలిసిపోయింది. మామూలు మనిషి కాఫీ మానేస్తే తాగడం మానేస్తాడు. ఈయన ఫిల్టరు, పొడి డబ్బా, గ్లాసులు, అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి ఎదురింటి వెంకాయమ్మ గారికి ఇచ్చేసి వచ్చారు. "ఇంక మా ఇంట్లో ఆ వాసన కూడా రాకూడదండీ," అని చెప్పి మరీ వచ్చారు. ఆయన్ని కాఫీ మానమని ఏ డాక్టరూ చెప్పలేదని గుర్తుచేసే సందు దొరక్క, ఆయన భార్య జీవరత్నం గుమ్మంలో అలా నిలబడిపోయింది.

ఆ నియమం గుడివాడలో చెడింది. పాత స్నేహితుడి ఇంటికి వెళ్తే ఆ ఇల్లాలు కప్పు తెచ్చి చేతికిచ్చింది. కాదనలేక ఒక్క గుక్క తాగారు. ఇక చెడనే చెడింది కదా, చెడ్డాక ఒక గుక్కయినా ఒక చెంబైనా ఒకటే అనుకున్నారు. ఆ కప్పు ఖాళీ చేసి, బస్టాండులో ఇంకోటి, పెడనలో బస్సాగితే దిగి మరోటి తాగి ఇంటికి చేరారు. మర్నాడు పొద్దున్నే వెంకాయమ్మ గారి గుమ్మం ముందు గొంతు సవరించుకుంటూ నిలబడ్డారు. ఆవిడ ఏమీ అడక్కుండానే లోపలికి వెళ్ళి సంచి పట్టుకొచ్చింది.

"మూతి కూడా విప్పలేదు మాస్టారూ. మీరొస్తారని తెలుసుగా."

పొద్దుటి నడక సంగతీ అంతే. బూట్లు కొన్నారు, చొక్కాలు కొన్నారు, వాన పడి ఒక రోజు తప్పింది, బూట్లు మంచం కిందికి వెళ్ళాయి. హార్మోనియం, హిందీ, ఉప్పు లేని కూర, అన్నీ ఇలా మొదలై అలా పోయినవే. మొదలుపెట్టడానికి ఒకటో తారీఖు కావాలి, లేదా కనీసం సోమవారం కావాలి. మధ్యలో ఒక రోజు తప్పిందా, ఇక అది లేనట్టే.

నందివాడ వైపు ఒక హైస్కూల్లో ఆయన చాలా ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశారు. ఒకసారి పెద్ద గ్రౌండులో మార్చ్ పాస్టుకి పిల్లల్ని తీసుకెళ్తే, ఒక పిల్ల బూటు తాడు ఊడి అడుగు తప్పింది. మాస్టారు విజిలు వేసి మొత్తం టీముని పక్కకి లాగేశారు. సరిగ్గా చెయ్యలేనప్పుడు అసలు చెయ్యకూడదన్నారు. మిగతా స్కూళ్ళ పిల్లలు జెండా ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఆయన పిల్లలు ఎండలో నిలబడి చూశారు. 'నూరూ సున్నా మాస్టారు' అన్న పేరు ఆ ఎండలోనే పుట్టింది. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆయన నొచ్చుకోలేదు సరికదా, కాస్త మురిసిపోయారు కూడా.

రిటైరయ్యాక రెండేళ్ళకి, ఒక ఉదయం చేప కడుగుతున్న జీవరత్నం చేతిలోంచి ముక్క జారిపోయింది. వంగి తీద్దామంటే చెయ్యి మాట వినలేదు. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. దేవుడి దయవల్ల మాట నిలిచింది. కాలు కూడా కొంత ఈడ్చుకుంటూనైనా నడకలో పడింది. కుడి చెయ్యి మాత్రం ఎవరిదో వస్తువులా ఒళ్ళో పడి ఉండేది.

ఆసుపత్రి నుంచి వచ్చాక జీవరత్నం కోరిక ఒకటే. ఆవిడ పుట్టింది దివిసీమలో, కోడూరు దగ్గర. చేప లేని ముద్ద ఆవిడకి ముద్ద కాదు. కానీ చేప తినాలంటే వేళ్ళుండాలి. పులుసు అన్నంలో ముక్క చిదిమి, ముల్లు ఎక్కడుందో వేలి కొసతో పట్టుకుని తీసేయాలి. అది చెంచా వల్ల అయ్యే పని కాదు. ఎడమ చేత్తో తినడానికి ఆవిడకి మనసొప్పదు. మాస్టారు పెరుగన్నం కలిపి చెంచాతో పెడుతుంటే తల పక్కకి తిప్పుకునేది.

"నా అన్నం నేను కలుపుకోవాలండీ. ఇంకేం అక్కర్లేదు. నా ముళ్ళు నేను తీసుకోవాలి."

వ్యాయామాలు నేర్చుకోవడానికి రమ్య అనే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. బల్ల మీద తువ్వాలు వేసి చేత్తో ముందుకి తోయడం, స్పాంజి నొక్కడం, వేళ్ళు ఒక్కొక్కటే విప్పడం ఆ అమ్మాయి చూపించింది. "మొదటి ఆర్నెల్లు చాలా ముఖ్యం అంకుల్. రోజూ చేయించండి. ఎంత వీలైతే అంత, మానకుండా చేయిస్తే చాలు," అంది. అందులో మాస్టారి చెవిలో పడింది 'రోజూ' అన్న మాట ఒక్కటే. 'ఎంత వీలైతే అంత' అన్నది ఆయన చెవికి అలవాటు లేని భాష.

సోమవారం పొద్దున ఆరింటికి మొదలైంది. బల్ల, ఇస్త్రీ చేసిన తువ్వాలు, గోడ గడియారం. మెడలో విజిలు లేదన్న మాటే గానీ మిగతాదంతా గ్రౌండే. "వన్... టూ... మోచెయ్యి చాపు రత్నం, పూర్తిగా చాపు!" ఆవిడ చెమటలు కక్కుతూ చేసింది. ఫలితం కూడా కనబడింది. కొన్ని వారాలకి బొటనవేలు కదిలింది. ఆ తర్వాత ఒక రోజు మూడు వేళ్ళతో ఉడికిన బంగాళాదుంప ముక్క పట్టుకుని పైకెత్తింది. అది నోటిదాకా రాకుండానే జారిపోయింది గానీ, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ పూట పండగ చేసుకున్నారు.

అలా ఉండగా కోడూరులో జీవరత్నం చెల్లెలి కొత్త ఇంటి గృహప్రతిష్ఠ వచ్చింది. వెళ్ళక తప్పదు, నాలుగు రోజులు ఉండకా తప్పదు. మొదటి రోజు పొద్దున ఆవిడ మంచం అంచున కూర్చుని వేళ్ళు విప్పుకోబోయింది.

"ఏం చేస్తున్నావ్?"

"కాసేపు చేసుకుంటానండీ."

"ఇక్కడా? బల్ల లేదు, టైము లేదు, చుట్టూ జనం. ఇలా పిచ్చిపిచ్చిగా చేస్తే లాభం లేదు రత్నం. ఇంటికెళ్ళాక పద్ధతిగా చేద్దాం."

చెల్లెలు నవ్వుతూ కలగజేసుకుంది. "పోనీ లెండి బావగారూ, నేను పట్టుకుంటాను, కాస్త చేస్తుంది."

"కాస్త అనేది వ్యాయామంలో లేదమ్మా," అన్నారు మాస్టారు, పది మంది వినేలా.

బందరు తిరిగొచ్చాక ఆయన కాలెండరు చూశారు. కోర్సు తెగిపోయింది. తెగినదాన్ని అతికించడం ఆయనకి రాదు. "ఒకటో తారీఖు నుంచి మళ్ళీ మొదటి నుంచీ పెడదాం," అన్నారు. ఒకటో తారీఖున ఆయనకే జ్వరం తగిలింది. తర్వాతి సోమవారం తుఫాను, కరెంటు లేదు. ఆ పై సోమవారం ఇంటి నిండా చుట్టాలు. ఆ తర్వాత క్రిస్మస్ పనులు. ఇవన్నీ అబద్ధపు కారణాలు కావు. అన్నీ నిజమైనవే. చిక్కంతా అక్కడే ఉంది.

మధ్యలో ఒకసారి జీవరత్నం వంటింటి గట్టు మీద మసిగుడ్డ పరిచి, కుక్కరు కూత పెట్టేలోగా చేత్తో తోస్తోంది. మాస్టారు వచ్చి చూశారు.

"మోచెయ్యి వంగిపోయింది చూడు. అలా తప్పుగా చేస్తే ఉన్నది కూడా పోతుంది. ఆపు."

ఆవిడ ఆపేసింది. మళ్ళీ ఎప్పుడూ మొదలుపెట్టలేదు, అడగనూ లేదు. ఆవిడ అడక్కపోవడం ఓపిక అనుకున్నారు ఆయన.

పండగలన్నీ అయ్యాక రమ్య దగ్గరికి వెళ్ళేసరికి జీవరత్నం కుడి చెయ్యి గుప్పిట పడి ఉంది. రమ్య వేళ్ళు విప్పబోతే ఆవిడ పళ్ళు బిగించింది. ఆ అమ్మాయి వదిలేసి, మెల్లగా అడిగింది.

"మానేసి ఎన్నాళ్ళయింది అంకుల్?"

"మానలేదమ్మా," అన్నారు మాస్టారు నిటారుగా కూర్చుని. "మళ్ళీ మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉన్నాం."

రమ్య ఆయన వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, అందుకే ఆయనకి భయం వేసింది.

"రోజుకి అయిదు నిమిషాలు చేయించినా ఇలా బిగుసుకుపోయేది కాదు అంకుల్. వంకరగా చేసినా సరే."

"ఇప్పుడు వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పమ్మా."

"ఒక్క మాటలో చెప్పలేను. పూర్తిగా అంటే రాదు. చేస్తే కొంత రావచ్చు."

ఆయనకి 'రాదు' వరకే వినబడింది. ఇంట్లో అడుగు పెట్టగానే చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నారు.

"నీ చెయ్యి నేనే పోగొట్టాను రత్నం. నేను మనిషిని కాను. ఇంక నీకు నేను దేనికీ పనికిరాను. సుచిత్రకి ఫోను చేస్తాను, మన అమ్మాయి దగ్గరికి వెళ్ళిపో. ఇవాళ్టి నుంచి ఉపవాసం ఉంటాను. ఆదివారం గుళ్ళో లేచి నిలబడి సాక్ష్యం చెప్పుకుంటాను, నా భార్యని నాశనం చేసింది నేనేనని."

జీవరత్నం గోడకి ఆనుకుని చెప్పులు విడుస్తోంది. కుడికాలి చెప్పు ఎప్పుడూ మొరాయిస్తుంది. దాన్ని విదిలించి, అప్పుడు అంది.

"అదిగో, మళ్ళీ మొదలెట్టారు. నిన్నటిదాకా నూటికి నూరు పాళ్ళూ మంచి మాస్టారు. ఇవాళ నూటికి నూరు పాళ్ళూ పాపి. ఈ రెంటికీ మధ్యలో మనిషిగా ఒక పూటైనా ఉంటారా మీరు?"

ఆయన తలెత్తారు.

"గుళ్ళో లేచి చెప్తారు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు, పాస్టరు గారు మీ తల మీద చెయ్యేసి ప్రార్థన చేస్తారు. మీరు తేలికపడి ఇంటికొస్తారు. నా చెయ్యి నా ఒళ్ళోనే ఉంటుంది."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"ఉపవాసం తర్వాత ఉందురుగాని. ముందు నాకు అన్నం పెట్టండి. ఆకలేస్తోంది."

ఆయన లేచి పళ్ళెంలో అన్నం పెట్టారు. కలిపి చెంచాతో పెట్టారు. ఆవిడ తింటూ, ఆయన మొహం చూడకుండానే అంది.

"మీ మీద నాకు చెప్పలేనంత కోపంగా ఉంది. పోతుందో పోదో తెలీదు. అలాగని మీరు పెట్టే అన్నం తినకుండా ఉంటానా? రెండూ ఉంటాయండీ. ఉండనివ్వండి."

రెండూ ఉండడం అంటే ఏమిటో మాస్టారికి ఆ పూట అర్థం కాలేదు. కానీ మర్నాడు గురువారం. తారీఖు కూడా ఏదో మధ్యది. బల్ల మీద వారపత్రికలు పరిచి ఉన్నాయి, తువ్వాలు తడిగా ఉంది. ఆయన ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని, ఆ గుప్పిటని ఒళ్ళోకి తీసుకుని, చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టారు. అది విప్పుకునేలోగా పాలవాడు పిలిచాడు. లేచి వెళ్ళారు. తిరిగొచ్చాక ఎక్కడ ఆపారో గుర్తు రాలేదు. మొదటి నుంచీ పెట్టాలని నాలుక దురద పెట్టింది. నోరు మూసుకుని, చేతికందిన వేలు పట్టుకున్నారు.

ఇది మారుమనస్సు కథ అయితే ఇక్కడి నుంచి అన్నీ చక్కబడాలి. అలా జరగలేదు. వారంలో రెండు రోజులు తప్పేవి. తప్పిన మర్నాడు ఆయన ఉన్నపళంగా కాలెండరు వైపు నడిచి, మధ్యలో ఆగి, సిగ్గుపడి వెనక్కి వచ్చేవారు. ఒక్కోసారి విసుగెత్తి గట్టిగా లాగేవారు, ఆవిడ "అమ్మా" అనేది, ఇద్దరూ ఆ పూటంతా మాట్లాడుకునేవారు కాదు. సాయంత్రం సీరియల్ వస్తుంటే మళ్ళీ చెయ్యి ఆయన ఒళ్ళోకి వచ్చేది.

గుళ్ళో మరీ అప్రతిష్ఠ అయింది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చునే గుడి అది. ప్రసంగం నిడివి చూస్తే వ్యాయామానికి అంతకన్నా మంచి సమయం లేదని తోచి, ఒక ఆదివారం మాస్టారు వెళ్ళి ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో జీవరత్నం పక్కన కూర్చున్నారు. పట్టుచీరల మధ్య తెల్ల చొక్కా. ముందు బెంచీలోంచి ఒకావిడ తిరిగి చూసి, "మాస్టారూ, ఇది మా వైపండీ," అంది. ఆ పక్కావిడ, "ఊరుకో వదినా, ఈ వయసులో చేతులు పట్టుకుని కూర్చున్నారు, చూడముచ్చటగా లేదూ?" అని కిసుక్కున నవ్వింది. పాస్టరు గారు ఒక్క క్షణం వాక్యం ఆపి చూశారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఉంగరం వేలు అప్పుడే సగం విచ్చుకుంది. ఆయన లేవలేదు.

"అందరూ ప్రేమ అనుకుంటున్నారు," అంది జీవరత్నం ఇంటికొచ్చే దారిలో.

"అనుకోనీ."

"అనుకోనివ్వడానికి మీకు బానే ఉంటుంది."

వేసవిలో సుచిత్ర విజయవాడ నుంచి వచ్చింది. మాస్టారు శీలావతి చేప తెచ్చి, పులుసు ఆయనే పెట్టారు. ముగ్గురూ కూర్చున్నారు. జీవరత్నం చెంచా పక్కన పెట్టి, కుడి చెయ్యి పళ్ళెంలోకి దింపింది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు పని చేశాయి. మిగతా రెండూ అరచేతిలోకే ముడుచుకుని ఉన్నాయి, అన్నంలో ఈడ్చుకుంటూ వచ్చాయి. పులుసు మోచేతి దాకా కారింది. ముద్ద ఎత్తితే సగం పళ్ళెంలో, కొంత చీర మీద, కొంత నోట్లో. ముళ్ళు తీయడం ఆవిడ వల్ల కాలేదు. మాస్టారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, ముక్క చిదిమి ముళ్ళు ఏరి, గుజ్జు ఆవిడ పళ్ళెంలో పెడుతున్నారు.

చీర మీద పడిన మెతుకుల్ని తుడవబోయి ఆయన చెయ్యి ఆపుకోవడం సుచిత్ర చూసింది.

"అయితే మమ్మీ చెయ్యి బాగయినట్టేనా డాడీ?"

మాస్టారు తడుముకున్నారు. అవునూ కాదు, కాదూ కాదు. చివరికి, "కొంచెం," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో చిన్న గర్వం కూడా పలికింది. తను ఆ మాట అనగలిగినందుకు కాబోలు.

జీవరత్నం నమలడం ఆపింది.

"కొంచెమో ఎంతో నేను చెప్తాను. మీరు చెప్పకండి."

సుచిత్ర పళ్ళెంలోకి తల దించుకుంది. మాస్టారు చేతిలో ముక్క పట్టుకుని అలాగే ఉండిపోయారు. జీవరత్నం ఇంకో ముద్ద కూడదీసుకుని, నోటిదాకా తెచ్చి, సగంలో దించేసింది. ఎడమ చేత్తో పళ్ళెం ఆయన వైపు కాస్త జరిపింది.

"ఇందులో ఇంకో ముల్లు తగులుతోంది. చూడండి."