ఐసు నీళ్లలో చెరిగిన చీటీలు

తాడేపల్లిగూడెంలో పశువుల డాక్టరుగా చేస్తున్న మా తమ్ముడి కూతురు మొన్న నన్ను తన ల్యాబుకు తీసుకువెళ్లి, ఒక్క చుక్క రక్తం వేస్తే అది మనిషిదో గేదెదో మిషను చెప్పేస్తుందని మురిసిపోతుంటే, మాలిక్యులర్ బయాలజీలోనే తల నెరిసి రిటైరైన నేను ఆ మాట మొదటిసారి వింటున్నట్టు తెల్లమొహం వేశాను. పిల్ల నాకు మతి తప్పుతోందనుకుని కాఫీ తెప్పించింది.

చదువు ముగిసిన కొత్తలో నేను ఏలూరులో ఒక చిన్న ల్యాబులో చేరాను. గేదెల నుంచి మనుషులకు సోకే ఒక జ్వరం మీద పని. కలిదిండి పక్కన మా పెద్దమ్మ ఒక్కతే ఉండి, ఒక్క గేదె పాలమీద బతికేది. ఆ గేదెకు రెండుసార్లు చూలు నిలవలేదు, పెద్దమ్మకేమో నెలల తరబడి జ్వరం వచ్చిపోతోంది. ఊళ్లో ఏ గేదె ఈనలేక అవస్థ పడినా, ప్రార్థన చేసుకుని, మోచేతిదాకా నూనె రాసుకుని దూడను బయటికి లాగేది ఆవిడే కనుక, ఆవిడకు జబ్బు వేరే గేదె నుంచీ అంటి ఉండొచ్చు, సొంత గేదెకే ఉండాలనీ లేదు. ఇద్దరి రక్తమూ తీయించి (గేదెను కూడా మనిషి కిందే లెక్కవేసే ఇల్లు అది), చేపల షెడ్డులో ఐసు అడిగి డబ్బాలో నింపి, ఒళ్లో పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. ట్యూబులకు చుట్టిన చీటీల మీద రాసింది, కొత్త ఉద్యోగపు దర్జాకు కొనుక్కున్న ఇంకు పెన్నుతో.

దిగి చూస్తే ఐసు కరిగి చీటీలు నీలంగా అలికినట్టున్నాయి. పరీక్షలో ఒక ట్యూబులో జబ్బు ఉందని తేలింది, రెండోదానిలో లేదు. ఏది ఎవరి రక్తమో చెప్పే మిషను అప్పట్లో మా ల్యాబులో లేదు. మళ్లీ వెళ్లి రక్తం తేవాలి, అంతే. కానీ హైదరాబాదులో పరిశోధనకు సీటు వచ్చింది, ఎల్లుండే చేరాలి, చీటీలు చెరిగాయని మా ల్యాబు సారుకు చెప్పుకోవాలంటే సిగ్గు. చూలు నిలవనిది గేదెకే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకుని, జబ్బు గేదెదని రాసేశాను.

"నాకేమీ లేదంటావా అమ్మా?" అని అడిగింది పెద్దమ్మ.

"మీకేం లేదు పెద్దమ్మా," అన్నాను.

తెలిసి తెలిసి ఇంకొకరి ఇంటికి జబ్బు పంపలేనని పాడికి కొనేవాళ్లకు అమ్మకుండా, గేదెను కబేళావాడికి తోలేసి, తను రొయ్యలు వలిచే పనికి వెళ్లింది. జ్వరం మాత్రం వస్తూనే ఉంది. కీళ్లు వంగడం మానేసినా మందు అడగలేదు, మా అమ్మాయి చూసింది, నాకేమీ లేదంది అని చర్చిలో అందరికీ చెప్పుకునేదట.

ఆ తరవాత మనుషుల జబ్బులు, పశువుల జబ్బులు, చివరికి రొయ్యల జబ్బులు కూడా చూశాను. నా దగ్గర చేరిన ప్రతివాడి చేతా పెన్సిలుతోనే చీటీలు రాయించాను, వాళ్లు చాటున నవ్వుకున్నారు. పెద్దమ్మకు మాత్రం చెప్పలేకపోయాను, ఆవిడ పోయింది. ఒకరోజు నేను రాసింది నిజమే అనిపిస్తుంది, మర్నాటికి కాదనిపిస్తుంది. ఇద్దరికీ అన్యాయం చేశానేమో, ఒక్కరికేనేమో, అసలెవరికీ చేయలేదేమో, ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

ఇప్పుడు చీటీలు తడిసినా చెరగవు, వాటిమీది బార్‌కోడు గీతలను మిషనే చదువుకుంటుంది. వచ్చేముందు మా పిల్ల రిపోర్టు కాగితం చూపించింది. ఉంది, లేదు అనే గడుల పక్కన, తెలియలేదు, మళ్లీ రక్తం పంపండి అని మూడో గడి ఉంది. మా రోజుల్లో ఆ గడి లేదు. ఉంటే మాత్రం నింపేదాన్నా అని ఆలోచిస్తూ, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను.