జాలి వేసింది

ఆపరేషన్ థియేటర్ బయట డాక్టర్ హిందీలో చెప్పినదాన్ని నేను అమ్మకి తెలుగులో చెప్పాను. "కడుపులో జాలీ వేశారమ్మా, ఇంక హెర్నియా రాదు." నేను పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టినదాన్ని. నా తెలుగులో సగం హిందీయే. ఏ మాట ఎటునుంచి వచ్చిందో చూసుకునే అలవాటు లేదు.

అమ్మ శ్రీకాకుళం వైపునుంచి పెళ్ళై వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆమె హిందీ చేపల బజారు దాటలేదు. బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి చూడ్డానికొచ్చిన అందరితోనూ "డాక్టరుబాబుకి నా మీద జాలేసింది" అని చెప్పుకుంటుంటే మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నాను.

రెండో వారంలో నడుముకి తువ్వాలు చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఎందుకంటే చలి అంది. ఈ ఊళ్ళో చలేమిటి? కట్టు మారుస్తానంటే చెయ్యి తోసేసింది. కోపమొచ్చింది, భయమేసింది, ఏమీ పాలుపోలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోయిన రోజు ఆ తువ్వాలు లాగేశాను. కుట్టంతా ఎర్రగా ఉబ్బి ఉంది. పాత చోటే పాత గడ్డ.

ఆపరేషన్ దండగైందా? మళ్ళీ కోస్తారా? ఆటోలో అడుగుతూనే ఉన్నాను, ఎందుకు దాచావని.

"జాలి తలిచి సేసిన మనిషికాడికెల్లి, నువ్వు సేసింది బాగోనేదని ఎలా సెప్పమంటావే?"

ఎవరి జాలో, ఏం బాగోలేదో, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

స్కాన్ చూసి డాక్టర్ హెర్నియా తిరిగి రాలేదన్నారు. కుట్టు కింద నీళ్ళు చేరి చీము పట్టిందట. గడ్డ కనపడగానే వచ్చి ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదట. ఇప్పుడు తెరిచి కడగాలి. "ఇన్‌ఫెక్షన్ జాలీ తక్ గయా తో జాలీ నికాల్నా పడేగా" అన్నారు, చీము అక్కడిదాకా పోతే తీసెయ్యాల్సిందేనని.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "జాలి తీసేత్తాడంటాడేటే? బాబుకి కోపమొచ్చిందా?"

అప్పుడు వెలిగింది నాకు. నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది.

"జాలి కాదమ్మా, జాలీ. వలలాంటిది. నీ కడుపులో చిన్న వల పెట్టి కుట్టారు."

నాన్న వలలన్నీ తన చేత్తోనే బాగుచేసిన మనిషి నా చెయ్యి వదిలేసి నిటారుగా కూర్చుంది.

"వలా? వల అని ముందే సెప్పొచ్చు గదే! వల తేడా వొత్తే ఆ రోజే పరిసి సూపిత్తాం గానీ, దాసుకుంటామేటి?"

చక్రాల కుర్చీ లోపలికి తోసుకెళ్ళారు. చీము జాలీ దాకా పోలేదని సాయంత్రం చెప్పారు. ఒక్క దీర్ఘం దగ్గర మా అమ్మని పోగొట్టుకునేదాన్ని.