కింది వాటా వారి డబ్బా

నా భార్య పోయినప్పుడు, కర్మ అయ్యేదాకా మా ఇంటికి అన్నం కింది వాటా నుంచే వచ్చింది. ఆ ఇల్లాలిది మా జిల్లాయే, మాలాగే బతుకుతెరువుకు ఈ పరాయి రాష్ట్రానికి వచ్చినవాళ్లు. భర్త పల్సానాలో మగ్గాల మీద పని చేస్తాడు. వాళ్ల తాతలు మా దొరల గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లు. ఇప్పుడు గడీ లేదు, భూమీ లేదు. నేను సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణంలో గుమాస్తాను. అయినా ఆ అన్నం కూతురికి పెట్టి, నేను అటుకులు తిన్నాను.

చివరిరోజు డబ్బా మా అలమరలో ఉండిపోయింది. ఒకరి గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని మా అమ్మ నియమం. ఇంట్లో వండినదానికి బదులు అంగడి మిఠాయి పంపడం నాకు ఒప్పలేదు. నాకా వంట రాదు. పప్పు చేసిస్తే ఆవిడ పప్పుతో పోలుస్తారు. చలికాలం పోయి ఎండలు ముదిరాయి.

మాల్‌లో ప్రెట్జెల్ అనే ముడి రొట్టె తిన్న కూతురు, ఇంట్లో చేద్దామంది. సరే అన్నాను. దాని అసలు రుచి ఈ బిల్డింగులో ఎవరికీ తెలియదు.

ఆదివారం మైదాలో ఈస్టు కలిపి తడిపాను. పిండి పొంగాక తాళ్లలా చేశాను. కూతురు ఫోనులో వీడియో వెతుకుతుంటే నా చేతులు వాటంతటవే తిప్పుకుంటూ పోయాయి.

"డాడీ, యే క్యా బనాయా? ఇవి సకినాలు."

చూశాను. చుట్టు లోపల చుట్టు. నా భార్య ఏటా సంక్రాంతికి బట్ట పరిచి ఇలాగే తిప్పేది. నేను కుర్చీలో కూర్చుని చూసేవాడిని. ఇప్పుడు ఏమీ అనిపించలేదు.

"ఉండనీ," అన్నాను.

వంటసోడా వేసిన వేడినీళ్లలో ముంచి తీసి, ఉప్పు చల్లి, నాన్‌ఖటాయి బిస్కెట్ల కోసం నా భార్య కొనిపించిన చిన్న ఓవెన్‌లో కాల్చాము. డబ్బాలో పెట్టుకుని కిందికి దిగాము.

ఆవిడ మూత తీసింది. "సకినాలు గిట్ల ఉబ్బినయేంది దొరా, వీటికి పంటినొప్పి లేచిందా?"

కూతురు నవ్వింది. చాలా రోజులైంది ఆ నవ్వు విని.

"ప్రెట్జెల్, ఆంటీ."

ఆవిడ ఒకటి కొరికింది. "జర ఉప్పెక్కువైంది. మంచిగనే ఉన్నది. దొర చేతి వంట తిన్ననంటే మా అత్త నమ్మది."

నేను నిటారుగా నిలబడే ఉన్నాను. వచ్చిన పని అయిపోయింది, ఇక వెళ్లవచ్చు. ఆవిడ వాటిని పళ్లెంలో ఒంపుకుని, లోపలికి వెళ్లి, అదే డబ్బాలో రెండు జొన్నరొట్టెలు పెట్టి తెచ్చింది.

"ఆంటీ, డబ్బా మీదే కదా," అంది కూతురు.

"మాదైతేంది? ఇంటికొచ్చినోళ్లను ఉత్త చేతులతోని ఎట్ల పంపుత?"

డబ్బా నా వైపే చాపింది. కూతురు నన్ను చూసింది. తీసుకున్నాను.

పైకి వచ్చాక ఒక రొట్టె దానికి పెట్టి, ఒకటి నేను పెట్టుకున్నాను. ఇంకా వేడిగానే ఉంది. రుచి తెలియలేదు. మొత్తం తిన్నాను. డబ్బా కడిగి గట్టు మీద బోర్లించాను.