అరటి బోదెల మీద లేత్ మిషన్

మా ఆయన శ్యాంబాబు రాజమండ్రిలో ఒక వర్క్‌షాపులో టర్నరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నోట “ఓనరు గారి మిషను” అన్న మాట వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది. ఇనుమును నున్నగా చెక్కే ఆ లేత్‌కి శనివారం సాయంత్రం నూనె రాసి, దుప్పటి కప్పితేగానీ ఇంటికి వచ్చేవారు కాదు. నాకు జ్వరం వస్తే దుప్పటి కప్పారా అని మాత్రం అడగకండి.

ఆమధ్య కోయంబత్తూరులో ఎవరో షెడ్డు మూసేస్తున్నారని తెలిసి, మా ఆయన వాళ్ళ పాత లేత్‌ని బేరం చేసి కొనేశారు. ఉద్యోగం మానేశారు. పశువుల పాకలో సిమెంటు నేల వేయించి, త్రీఫేజు కరెంటు పెట్టించారు. మాది కడియం, ఊరంతా నర్సరీలే. ఇక్కణ్ణుంచి అటు మొక్కలు తీసుకెళ్ళిన త్రిమూర్తులు లారీ, ఖాళీగా తిరిగి వస్తూ దాన్ని వేసుకొచ్చింది. దించేటప్పుడు పడి విరిగిందా, మళ్ళీ ఓనరు గారి గుమ్మమే గతి. ఆ భయంతో మా ఆయన పొద్దున టీ కూడా ముట్టుకోలేదు. ఆయన టీ కూడా నేనే తాగేశాను.

మా సందులో క్రేను పట్టదు. అందుకని నర్సరీల్లో పెద్ద పెద్ద చెట్లను దించే సత్యకుమారి ముఠాని పిలిచాం. మొక్కలు ఎక్కించే మట్టిగట్టుకి లారీని ఆనించారు. గట్టు మీంచి మా పాక దాకా వాలుగా అరటి బోదెలు పరిచి, మిషన్‌ని చెక్క దిమ్మల మీద నిలబెట్టి, వెనక మోకులు కట్టి పట్టుకున్నారు.

“మెల్లగానండీ! పైబరువండీ, ఒరిగిపోద్దండీ!” అన్నారు మా ఆయన.

“ముందు మీరు ఒరిగిపోయేలా ఉన్నారు, తప్పుకోండి బాబూ!” అంది సత్యకుమారి.

హైలెస్సా అన్నారు. బోదెలు నలిగి జారుడు పుట్టింది. అంత ఇనుమూ సర్రున వచ్చేస్తుంటే, మోకులు పట్టుకున్నవాళ్ళంతా దాని వెనకాల పరుగు. దానికి ఎదురుగా మా ఆయన చేతులు చాపి, “ప్రభువా, ప్రభువా” అంటూ వెనక్కి పరుగు. సత్యకుమారి ఆయన్ని రెక్క పట్టుకుని పక్కకి లాగేసింది. నాకు భయం వేయాలి. వేయలేదు. నవ్వు ఆగక గోడ పట్టుకుని చతికిలబడ్డాను. మిషన్ బుద్ధిగా గుమ్మం దాటి సిమెంటు నేల మీద ఆగింది. ఒకటే ఈలలు, కేకలు.

నర్సరీలో లారీ దిగినదానికి ముందు నీళ్ళు పెట్టడం ఆనవాయితీ. మా పక్కింటి చిన్నమ్మాయి గారు, డెబ్బై దగ్గరపడ్డా పేరుకి చిన్నమ్మాయే, బుద్ధెరిగిన నాటి నుంచీ ఆ పనే చేస్తున్నారు. మేమంతా గంతులు వేస్తుంటే, ఆవిడ పైపు పట్టుకొచ్చి మిషన్‌ని నిలువునా తడిపేశారు.

“అత్తా! తుప్పు! తుప్పట్టిపోద్ది!” మా ఆయన కేకకి కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

“అయ్యో అల్లుడూ! అంత దూరం నుంచి వచ్చింది, వడిలిపోయుంటాదని...” ఆవిడ పైపు పారేసి ఏడుపు అందుకున్నారు.

తువ్వాళ్ళు, కొంగులు, చివరికి త్రిమూర్తులు చొక్కా, అన్నీ పెట్టి తుడిచాం. నేను లోపలికి పరుగెత్తి, ఆవకాయకని దాచిన నువ్వుల నూనె డబ్బా తెచ్చి గుమ్మరించాను. మోచేతుల దాకా నూనెతో అందరం మిషన్‌ని రుద్దుతుంటే, పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నట్టుంది. ఈ ఏడు మాకు ఆవకాయ లేదు. పోనీండి.

చిన్నమ్మాయి గారు ముఖం చెల్లక ఇంటికి వెళ్ళిపోయారు. మోటారు బాగా ఆరాక మా ఆయన స్విచ్ వేశారు. తిరిగింది. మొట్టమొదట ఇత్తడి కడ్డీ బిగించి, చిన్నమ్మాయి గారి పైపుకి మూతి చేశారు. తిప్పితే నీళ్ళు ఆగిపోతాయి. పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టారు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“నా మూలంగా నీది పాడైపోయి, మళ్ళీ ఓనరు గారి దగ్గరికెళ్ళావా బాబూ?”

“లేదత్తా. నా మిషన్ మీదే చేశాను,” అన్నారు మా ఆయన.

ఆవిడకి బాగానే వినబడింది. అయినా ఆయన సందు చివరిదాకా వినిపించేలా ఇంకోసారి అన్నారు.

“నా మిషన్ మీద.”