మనోరమ పెద్దమ్మ మడిలో తుంగ

మా పెద్దమ్మ మనోరమకు ముక్కు మీద కోపం. అందులో ముప్పాతిక తుంగ మీదే. కేసముద్రం దగ్గర చెరువు కింద ఉన్న మడి ఆమె ప్రాణం. పెదనాన్న పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే. దాని పల్లపు వైపు ఎప్పుడూ చెమ్మ ఆరదు. అలాంటి చోటు దొరికితే తుంగ వదలదు.

ఏటా నాట్లకు ముందు మడి చుట్టూ గట్ల ఒడ్లు చెక్కించేది. కలుపుకు వచ్చే తండా రామితో పాటు తానూ వంగి పీకేది. ఆకు చేతికొచ్చేది, గడ్డ మట్టిలోనే ఉండిపోయేది. వారం తిరక్కముందే మూడంచుల కాడ మళ్లీ లేచేది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. పెద్దమ్మా మొండిదే, తుంగా మొండిదే. మధ్యలో రామి నడుము విరిగేది.

పోయిన ఏడు ఎండాకాలం విసిగిపోయి, ట్రాక్టరుకు రోటవేటర్ కట్టించి ఒడ్ల అంచులదాకా దున్నించింది.

"ఈపారి దాని వంశం నాశనమైతదమ్మా," అని రామి కూడా సంబరపడింది.

ఇద్దరూ పప్పులో కాలేశారు. గొలుసుకట్టుగా ఉన్న గడ్డలన్నీ విడిపోయి మడంతా చెల్లాచెదురయ్యాయి. తొలి వానకు ప్రతి గడ్డా మొలిచింది. పక్క పొలం జగపతి ఒడ్డు మీద నిలబడి, "వదినా, వరి ఏసినవా, తుంగ ఏసినవా?" అని పడీ పడీ నవ్వాడు. సిగ్గుతో పెద్దమ్మ ఆ వానాకాలం నాటే పెట్టలేదు.

భాద్రపదంలో తెరిపి లేని వానకు చెరువు కట్ట తెగింది. వాన తగ్గగానే పెద్దమ్మ, రామి, నేను పొలానికి బయల్దేరాం. దారి పొడవునా పెద్దమ్మది ఒకటే మాట.

"మన్ను కొట్టుకపోతే ఇగ నాకేమున్నది బిడ్డా!"

జగపతి పొలంలో మట్టి పోయి బండ తేలింది. ఆ అవతలి మడిలో మోకాలెత్తు ఇసుక మేట.

పెద్దమ్మ మడి ఉంది! తుంగంతా నీళ్లు పోయిన దిక్కుకు దువ్వినట్టు పడుకొని ఉంది. ఒడ్డు కాస్త కోసుకుపోయిన చోట లోపలి మన్ను కనిపించింది. వేరుకు వేరు, గడ్డకు గడ్డ అల్లుకొని, ఆ సన్నటి పోగులు పిడికెడు మట్టిని కూడా జారనివ్వలేదు. చెరువంతా మీద పడితే కట్ట ఆగలేదు, ఈ గడ్డి ఆగింది. రామి రెండు చేతులూ జోడించింది. పెద్దమ్మ బురదలోనే కూలబడి, తుంగను నిమురుతూ ఏడ్చింది.

"పీకంగ పీకంగ ఇంత లోతుకు పోయినవా తల్లీ!"

తర్వాత జగపతి చెరువు మట్టి తోలించి కొత్త ఒడ్లు వేయించుకున్నాడు. ఒక పొద్దున తువ్వాలు పట్టుకొని వచ్చి మా పెద్దమ్మ ముందు నిలబడ్డాడు. ఈసారి నవ్వడం లేదు.

"వదినా, జర కొన్ని తుంగగడ్డలియ్యి. ఒడ్లకు నాటుకుంట."

పెద్దమ్మ పార తీసుకొని తానే తవ్వింది. విత్తనాలిచ్చేటప్పుడు చేసినట్టే తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని, గడ్డలు అతని తువ్వాల్లో పోసింది.