చెరువు మీద వాలని బాతులు

పత్రికలో తన పేరు అచ్చులో చూసుకోవడానికి మనిషి ఎంత దూరమైనా పోయే వయసు ఒకటుంటుంది. నాకా వయసు చోడవరంలో, విలేకరిగా చేరిన కొత్తలో వచ్చింది. ఆ రోజుల్లో నేను పంపే వార్తలన్నీ బెల్లం ధరలూ, బోల్తాపడ్డ చెరకు లారీలూ. వాటికి రాసినవాడి పేరు వెయ్యరు. (లారీ డ్రైవరు పేరు వేస్తారు.) అలాంటిది విశాఖలో మా డెస్క్ ఇన్‌చార్జి ఒకరోజు ఫోన్ చేసి, చీడికాడ అవతల కొండల్లో చెరువొకటుందట, చలికాలంలో ఎక్కడెక్కడి బాతులో వచ్చి వాలతాయట, మంచి ఫొటోతో రాసి పంపితే ఆదివారం పేజీలో పేరుతో వేస్తానన్నాడు. ఫొటో లేకపోతే పేరు సంగతి మరిచిపొమ్మన్నాడు.

ఆ చెరువు రక్షిత అడవిలో ఉంది. (పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారమే స్పీకర్లు కట్టుకున్న ఆటోలు బయల్దేరతాయి.) అటవీశాఖ వారు సవాలక్ష ప్రశ్నలు వేసి, వెంట గార్డు ఉండాలన్న షరతు మీద ఒక్క పూటకి అనుమతిచ్చారు. కెమెరా ఫొటో స్టూడియో స్నేహితుడిది. బండి మా మామయ్యది. అమ్మకు తమ్ముడు, రావికమతం దగ్గర వరీ చెరకూ పండించే మనిషి. బండి ఇమ్మని అడిగితే, అది తన మాట తప్ప ఎవరి మాటా వినదంటూ, పులిహోర సంచీతో సహా తానే బయల్దేరాడు.

అడవి మొదట్లో గార్డు మాకోసం ఎదురుచూస్తున్నాడు. నడివయసు మనిషి, ఇస్త్రీ చేసిన ఖాకీ, తలమీద టోపీ. నడక మొదలుపెట్టే ముందే నిలబెట్టి నియమాలు చెప్పాడు. బీడీ కాల్చకూడదు, ఫోను మోగకూడదు, మాట్లాడకూడదు, దగ్గొస్తే తువ్వాల్లోకి దగ్గాలి. మామయ్య ఎంతో వినయంగా, "మరి ఆవులింతొస్తే ఏటి సెయ్యాల బాబూ?" అని అడిగాడు. గార్డు కాసేపు ఆలోచించి, "నోరు మూసుకోని ఆవులించండి" అన్నాడు.

కాళ్లు పీకేదాకా ఎక్కి దిగాక చెరువు కనిపించింది. మూడు వైపులా కొండలు, మధ్యలో కదలని నీళ్లు, మనిషి అలికిడి లేదు. బాతులూ లేవు. మేతకి పోయుంటాయని, ఎండెక్కాక వస్తాయని గార్డు చెవిలో గొణిగాడు. పొద చాటున కూర్చున్నాం. మామయ్యని చీమలు కుడుతున్నాయి, పాపం, కిక్కురుమనకుండా ఓర్చుకుంటున్నాడు. నేను నా పేరు ఏ సైజు అక్షరాల్లో వేస్తారా అని ఆలోచిస్తున్నాను. ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలునా అన్నది తేలకముందే, కొండ మీదుగా బాతుల గుంపు వచ్చింది. ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగి కిందికి దిగింది. రెక్కలు బిగించి, కాళ్లు చాచి, నీళ్లకి బారెడు ఎత్తులోకి వచ్చేసింది.

మామయ్య లేచి నిలబడి "హోయ్... హా... హోయ్" అని కేక పెట్టాడు.

మావైపు వరి కంకి పాలు పోసుకునే రోజుల్లో పిట్టల గుంపు కిందికి దిగిందంటే, పొలంలో ఉన్నవాడు ఏ పనిలో ఉన్నా లేచి కేకెయ్యాల్సిందే. అది బుర్రని అడిగి చేసే పని కాదు. నేనూ చిన్నప్పుడు మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలినవాణ్ణే. అందుకే నాకు తెలివొచ్చేసరికి నా చేతులు రెండూ నోటి దగ్గర దోసిలి కట్టి ఉన్నాయి, కెమెరా మెడలో ఊగుతోంది, నేనూ అరుస్తున్నాను. మా ఇద్దరి గొంతుల్నీ మించి, మంచి సాధన ఉన్న మూడో గొంతు ఒకటి వినిపించింది. తిరిగి చూస్తే గార్డు, టోపీ తీసి ఊపుతూ తోలుతున్నాడు. మూడు కొండలూ అందుకున్నాయి. బాతులు ఒక్కసారిగా పైకి లేచి అవతలి లోయలోకి పోయాయి.

"పోనాయి. ఒక్కటీ వాల్లేదు" అన్నాడు మామయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, పంట దక్కించుకున్న తృప్తితో. తర్వాత నీళ్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఒరే అల్లుడూ, ఇది మన సేను కాదు కదేటిరా" అన్నాడు.

గార్డు టోపీ పెట్టుకుని మెల్లిగా కూలబడ్డాడు. "మాది కె.కోటపాడు అవతల బాబూ. మాకూ వరి మడిసెక్కుంది" అన్నాడు. నా మెడలో కెమెరా వైపు చూసి, "ఇది రాసెత్తారేటి?" అన్నాడు. రాయనన్నాను. ముందు మామయ్యకి నవ్వొచ్చింది. నియమం గుర్తొచ్చి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అది చూసి మేమిద్దరం ఆగలేకపోయాం. మాకిచ్చిన పూట అయిపోయేదాకా బాతులు మళ్లీ రాలేదు. పులిహోర అడవి దాటాక తిన్నాం, గార్డుతో కలిసి.

బాతులేవయ్యా అని డెస్క్ ఇన్‌చార్జి అడిగాడు. ఏదో అలికిడైందండీ, వాల్లేదన్నాను. (అబద్ధం కాదు.) ఖాళీ చెరువు ఫొటోని ఆయన పక్కన పడేశాడు. లోపలి పేజీలో రెండు పేరాలు వచ్చాయి, 'చోడవరం విలేకరి' అని. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. మామయ్య మాత్రం ఆ పేపరు టీకొట్టుకి పట్టుకెళ్లి అందరికీ చూపించాడు. పేరేదని ఎవరో అడిగితే, "సోడారంలో ఇంకెవుడున్నాడ్రా రాసీవోడు?" అన్నాడట.

తర్వాత నా పేరు చాలాసార్లు పడింది. ఏ వార్తకి పడిందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ గార్డు రిటైరై ఊళ్లో వరి వేసుకుంటున్నాడు, ఇది రాసుకోమని తనే అన్నాడు. ఇప్పటికీ ఎక్కడైనా నీళ్ల మీదికి పిట్టలు దిగుతుంటే నేను చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకుంటాను. నోటి సంగతే ఇంకా నమ్మకం లేదు.